పత్తి కాయలో పరిణామం: గులాబీ రంగు పురుగు మీద ఒక కేస్ స్టడీ

2017 నవంబరులో ఉత్తర తెలంగాణలోని ఒక ఊరికి పత్తి చూడటానికి వెళ్లాను. గట్టు మీద నుంచి చూస్తే చేనుకు ఏమీ అయినట్టు లేదు. ఆకు పచ్చగా ఉంది, కాయ నిండుగా ఉంది, కాయ మీద చిల్లు గాని గీత గాని లేదు. చేను పెద్దాయన మాటా పలుకూ లేకుండా లోపలికి నడిచి, పది కాయలు కోసుకొచ్చి నా ముందు పోశాడు. కత్తితో ఒక్కొక్కటే చీల్చాను. మొదటి కాయలోనే గులాబీ రంగు పురుగు గింజలోకి తల దూర్చి ఉంది. రెండో కాయలో రెండు. మూడోది బాగుంది. నాలుగోదాంట్లో పురుగు వెళ్లిపోయింది, అది తిన్న గింజలూ పసుపు తిరిగిన దూదీ మిగిలాయి.

“మేడం, బీటీకి కాయపురుగు రాదన్నరు గదా. మరి ఇదేంది?”

“ఇన్నేళ్లు తిని తిని ఆ విషానికి అలవాటు పడ్డది బాపూ” అన్నాను.

సస్యరక్షణలో పనిచేసే మేము రైతు సదస్సుల్లో ఏళ్ల తరబడి చెప్పిన మాట ఇదే. ఆ మాట తప్పు, దాని వల్ల నష్టం కూడా జరిగింది. బీటీ అంటే పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే పత్తి. పురుగు అలవాటు పడుతుందని నమ్మినవాడికి ఆ విత్తనాల ప్యాకెట్‌తో పాటు ఇచ్చిన నాన్‌ బీటీ గింజలు, అంటే ఆ విషం లేని మామూలు పత్తి గింజలు, ఎందుకో అర్థం కాదు. వాటిని పారబోస్తే ఏమవుతుందో కూడా తెలియదు. జీవ పరిణామానికి రుజువు ఏదని ఎవరైనా అడిగితే నేను శిలాజాల దాకా వెళ్లను, ఆ పది కాయల గురించి చెబుతాను. ఈ కేసును మొదటి నుంచి రాస్తున్నది అందుకే.

అలవాటు ఎందుకు కాదు

అలవాటు అంటే ఒక ప్రాణి బతికున్న కాలంలో దాని ఒంటికి వచ్చే మార్పు. మొదట్లో ఒక సీసా కల్లుకే తూలినవాడు కొన్నేళ్లకు మూడు తాగినా నిలబడతాడు. కానీ వాడి కొడుక్కి ఆ గుణం రాదు. వాడూ మళ్లీ మొదటి సీసా దగ్గరే తూలాలి.

గులాబీ రంగు పురుగుకు అలవాటు పడే వ్యవధి లేదు. తల్లి రెక్కల పురుగు కాయను కొరకదు, గుడ్లు పెట్టి పోతుంది, అంతే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు దారప్పోగంత ఉంటుంది. కాయలోకి దూరుతూ కొరికే తొలి కొరుకుల్లోనే బీటీ విషం దాని పేగులోకి పోతుంది. అది చచ్చేదీ బతికేదీ ఆ వయసులోనే తేలిపోతుంది. బతికిన పురుగు విషాన్ని తట్టుకోవడం నేర్చుకోలేదు, తట్టుకునే ఒంటితోనే పుట్టింది.

ఇది ఊహ కాదు, పరీక్ష పెట్టి తేల్చుకోగల విషయం. పొలంలో పట్టిన పురుగుల్ని ప్రయోగశాలలో విషం కలపని మేత మీద పెంచుతారు. అవి రెక్కల పురుగులై జతకట్టి గుడ్లు పెట్టాక, బీటీ రుచే ఎరగని ఆ పిల్లలకు కొలిచిన మోతాదులో బీటీ ప్రోటీను కలిపిన మేత పెడతారు. తట్టుకోవడం అలవాటు వల్ల వచ్చినదైతే ఈ పిల్లలన్నీ చావాలి. 2008లో గుజరాత్‌లోని అమ్రేలీ ప్రాంతంలో సేకరించిన పురుగులు మిగతా చోట్ల పురుగుల కన్నా చాలా ఎక్కువ మోతాదును తట్టుకున్నాయని 2011లో పరిశోధన పత్రం వచ్చింది. ఆ గుణం తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వస్తోంది. వంశపారంపర్యంగా వచ్చే గుణం ఒక జనాభాలో తరం తరానికీ పెరుగుతూ పోవడమే పరిణామం. పాఠ్యపుస్తకంలో ఉన్న నిర్వచనం కూడా ఇదే.

పురుగు, విషం

ఈ పురుగు శాస్త్రీయ నామం పెక్టినోఫోరా గాసిపియెల్లా. గుజరాత్‌లోని భరూచ్‌లో పత్తిని పాడుచేస్తుంటే పట్టిన నమూనాలను చూసి, 1843లో సాండర్స్ అనే ఆంగ్లేయుడు దీన్ని మొదట వర్ణించాడు. పూతలో పడితే ఆకర్షక పత్రాలను దారాలతో కుట్టేసి పువ్వును విచ్చుకోనివ్వదు. వాటినే మనవాళ్లు గుడ్డి పూలు అంటారు. కాయలో పడితే దూరిన రంధ్రం పూడిపోతుంది, ఇక పై నుంచి ఏ మందూ దానికి తగలదు. పంట అయిపోయే సమయానికి రెండు గింజల్ని కలిపి కుట్టుకుని, వాటి మధ్యే నెలల తరబడి నిద్రపోగలదు. ఈ కేసుకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, దీని తిండి దాదాపుగా పత్తి ఒక్కటే.

బీటీ విషం పనిచేసే తీరు చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా నుంచి తీసిన జన్యువు వల్ల పత్తి మొక్క తన కణాల్లో క్రై1ఏసీ అనే ప్రోటీను తయారుచేస్తుంది. పురుగు పేగులో ఆ ప్రోటీను విడివడి, పేగు గోడ మీదుండే కాడ్‌హెరిన్ అనే మరో ప్రోటీనుకు తగులుకుంటుంది. ఆ తర్వాత పేగుకు రంధ్రాలు పడి పురుగు చస్తుంది. కాడ్‌హెరిన్‌ను గోడకు కొట్టిన కొక్కెం అనుకోండి. కొక్కెం విరిగి ఉంటే విషం తగులుకోదు, మలంతో పాటు బయటికి పోతుంది.

మన దేశంలో క్రై1ఏసీ ఉన్న బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. క్రై1ఏసీతో పాటు క్రై2ఏబీ అనే రెండో విషం కూడా ఉన్న బోల్‌గార్డ్-2 రకం 2006లో వచ్చింది. కొన్నేళ్లలోనే దేశంలో పత్తి వేసే నేలలో 90 శాతానికి పైగా బీటీ అయిపోయింది. 2010 మార్చిలో అమ్రేలీ, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో మొదటి రకం బీటీని గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని, బీటీ పత్తిని తెచ్చిన మోన్‌శాంటో కంపెనీ తానే ప్రకటించింది. 2014-15 నాటికి గుజరాత్‌లో బోల్‌గార్డ్-2 కాయల్లోనూ పురుగు బతుకుతూ కనిపించింది. 2017లో మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మేము కళ్లారా చూశాం. 2021లో పంజాబ్‌లోని బఠిండా పరిసరాలకు కూడా చేరింది.

ఆ 2017లోనే, మాకు పక్కనున్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు పురుగుమందులు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. పరిణామం గురించి మాట్లాడేటప్పుడు నేను ఆ వార్తను పక్కన పెట్టలేను. తగ్గుతాయనుకున్న పిచికారీలు మళ్లీ పెరిగిన కాలం అది.

120 గ్రాముల గింజలు

అప్పట్లో బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్. దానితో పాటు 120 గ్రాముల నాన్‌ బీటీ పత్తి గింజలు వేరే సంచిలో వచ్చేవి. చేను చుట్టూ వాటిని వేయాలని నియమం ఉండేది. చాలామంది వేయలేదు. “పురుగును మనమే పెంచుడేంది?” అనేవారు. ఆ ప్రశ్నకు అప్పట్లో నేను ఓపికగా జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన జవాబు ఇది.

లెక్క కోసం, ఒక పురుగుల గుంపులో కాడ్‌హెరిన్ జన్యువు ప్రతులు వెయ్యి ఉంటే వాటిలో ఒకటి విరిగినది అనుకుందాం. ప్రతి పురుగుకూ ఆ జన్యువు రెండు ప్రతుల్లో వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ విరిగినవైన పురుగు పది లక్షల్లో ఒకటి పుడుతుంది. ఒకటే విరిగినవి సుమారు 500లో ఒకటి ఉంటాయి. ఒక ప్రతి బాగున్నా కొక్కెం ఉన్నట్టే, కాబట్టి అవి బీటీ కాయలో చస్తాయి. బతికేది ఆ పది లక్షల్లో ఒకటి మాత్రమే.

ఊరంతా బీటీయే ఉంటే, ఆ బతికిన ఆడ పురుగు వదిలే వాసన పట్టుకుని వచ్చే మగ పురుగు కూడా బీటీ చేలో బతికినదే అయి ఉంటుంది. రెండింటిలోనూ ఉన్నది విరిగిన ప్రతే కాబట్టి పిల్లలన్నీ తట్టుకునేవే పుడతాయి. చేను చుట్టూ నాన్‌ బీటీ పత్తి ఉంటే అక్కణ్నుంచి మామూలు పురుగులు వందల్లో ఎగిరి వస్తాయి. తట్టుకునే పురుగు వాటితోనే జతకడుతుంది. అప్పుడు పిల్లలందరికీ ఒక ప్రతి బాగున్నదే వస్తుంది, అవి బీటీ కాయలో చస్తాయి. 120 గ్రాముల గింజలు ఇచ్చింది మామూలు పురుగుల్ని బతికించి, వాటిని తట్టుకునే పురుగులతో జతకట్టించడానికి.

ఈ లెక్క నష్టం జరిగాక కట్టిన కథ కాదు. ఎంపిక వల్ల ఒక జన్యువు ఎంత వేగంగా పెరుగుతుందో 1924 నుంచే గణితంలో రాసి చూపినవాడు బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. తర్వాత మన దేశానికే వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. అమెరికాలో 1996లో బీటీ పత్తి వేసిన మొదటి ఏడాదే నాన్‌ బీటీ పత్తి వేయాలన్న నియమం పెట్టారంటే, అది ఈ గణితాన్ని నమ్మే. ఫలానా పని చేయకపోతే ఫలానా జన్యువు పెరుగుతుందని ముందే చెప్పగలిగిన సిద్ధాంతం, చెప్పింది జరిగినప్పుడు రుజువైనట్టా కాదా?

మన దేశపు పత్తిలో ఇంకో చిక్కు కూడా ఉంది. మనం వేసేవి దాదాపు అన్నీ సంకర (హైబ్రిడ్) విత్తనాలు. సంకరంలో బీటీ జన్యువు ఒక్క ప్రతే ఉంటుంది, కాబట్టి ఆ మొక్కకు కాసిన కాయలో గింజలన్నీ ఒకేలా ఉండవు. బోల్‌గార్డ్-2 సంకరం కాయలో 16 గింజలకు సగటున 9 గింజల్లో రెండు విషాలూ, 3 గింజల్లో ఒకటి, మరో 3 గింజల్లో రెండోది ఉంటాయి, 1 గింజలో ఏదీ ఉండదు. బళ్లో చదివిన మెండెల్ నిష్పత్తే ఇది. ఒకే కాయలో గింజ నుంచి గింజకు పాకే పురుగుకు ఇది మెట్ల మీద ఎక్కడం నేర్పినట్టయింది. ఒక విషాన్ని మాత్రమే తట్టుకునేది కూడా ఎక్కడో ఒక గింజలో బతికేది. పైగా మన పంట కాలం పొడుగు. ఒక తరానికి నెల రోజులు చాలే పురుగుకు ఫిబ్రవరి, మార్చి దాకా పత్తిని నిలబెడితే అదనంగా రెండు మూడు తరాల ఎంపిక జరుగుతుంది. ముదిరిన చెట్టులో విషం మోతాదు కూడా తగ్గుతుంది. నా దృష్టిలో నాన్‌ బీటీ గింజలు పారబోయడం ఎంత తప్పో, పంట కాలం పొడిగించడం అంతే తప్పు.

విరిగిన జన్యువులో దొరికిన సాక్ష్యం

ఈ కేసులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించిన భాగం ఇది. భారత, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి మన చేలల్లోని తట్టుకునే పురుగుల కాడ్‌హెరిన్ జన్యువును చదివి 2014లో ప్రచురించారు. జన్యువు ఒకే రకంగా విరిగి ఉంటుందనుకుంటాం. వాళ్లకు 8 రకాలుగా విరిగిన రూపాలు దొరికాయి. ఆ 8 రూపాల నుంచి 19 రకాల ఆర్‌ఎన్‌ఏ ప్రతులు (ప్రోటీను తయారీకి జన్యువు సందేశాన్ని మోసే నకళ్లు) తయారవుతున్నాయి, ప్రతిదాంట్లోనూ ఏదో ఒక ముక్క పోవడమో, వాక్యం మధ్యలో చుక్క పెట్టినట్టు సందేశం ముందే ఆగిపోవడమో ఉంది. అరిజోనా ప్రయోగశాలలో పెంచిన తట్టుకునే పురుగుల్లో అంతకుముందు దొరికిన రూపాలకూ వీటికీ పోలిక లేదు.

దీని అర్థం ఆలోచించండి. ఎవరో ఒకరు పురుగుకు తట్టుకునే ఉపాయం ఇచ్చి ఉంటే, లేదా పురుగే అవసరం కొద్దీ ఒంటిని మార్చుకుని ఉంటే, పని ఒకటే కాబట్టి మార్పు కూడా ఒకటే కావాలి. ఇక్కడ ఒక్కో వంశంలో కొక్కెం ఒక్కో చోట విరిగింది. జన్యువును నకలు రాసేటప్పుడు ఎక్కడపడితే అక్కడ తప్పులు పడతాయి, విషంతో వాటికి సంబంధం లేదు. నిండు చేలో విషం ఉన్నప్పుడు ఆ తప్పుల్లో కొక్కేన్ని విరిచినవి మాత్రం బతికి మిగిలాయి. గుడ్డిగా పడిన తప్పులు, వాటిలోంచి జల్లెడ పట్టే ఎంపిక, ఈ రెండూ ఆ జన్యువు అక్షరాల్లోనే విడివిడిగా కనిపిస్తాయి.

క్రై2ఏబీ సంగతీ ఇలాగే ఉంది. 2018లో వచ్చిన పరిశోధనలో, అమెరికా ప్రయోగశాలలో పెంచిన పురుగుల్లోనూ మన చేలల్లోని పురుగుల్లోనూ ఏబీసీఏ2 అనే జన్యువే దెబ్బతిని ఉంది. అదే జన్యువు దెబ్బతింటే మరో కాయపురుగైన శనగపచ్చ పురుగు కూడా క్రై2ఏబీని తట్టుకుంటుందని అంతకుముందే తెలుసు. రెండు వేర్వేరు జాతుల పేగులో ఒకే కొక్కెం ఎలా వచ్చింది? ఒకే పూర్వీకుల నుంచి ఇద్దరికీ వచ్చింది కాబట్టి.

మూడు దేశాలు

గులాబీ రంగు పురుగు అమెరికాలో 1917లో అడుగుపెట్టింది. అరిజోనాలో 1996 నుంచి బీటీ పత్తి, చుట్టూ నాన్‌ బీటీ పత్తి వేశారు. తట్టుకునే జన్యువు అక్కడ లేక కాదు. 1997లో అక్కడి చేలల్లోంచి పట్టిన పురుగుల్ని ప్రయోగశాలలో బీటీ మేత మీద ఎంచి పెంచితే, బీటీ పత్తి తిని బతికే వంశం తయారైంది. అయినా చేలల్లో అది పెరగలేదు. 2006 నుంచి వంధ్యం చేసిన రెక్కల పురుగుల్ని విమానాల్లోంచి వదలడం మొదలుపెట్టారు. 2014 వరకు వదిలినవి 1,100 కోట్లు. నాన్‌ బీటీ చేలోంచి రావాల్సిన మామూలు పురుగుల పనిని అవి చేశాయి. 2018 అక్టోబరులో ఆ దేశపు పత్తి నేలల నుంచి ఈ పురుగు పూర్తిగా పోయిందని ప్రకటించారు.

చైనాలో యాంగ్జీ నది లోయ రైతులు అనుకోకుండానే ఒక ప్రయోగం చేశారు. సంకర విత్తనం ఖరీదని, దాని రెండో తరం గింజలు కొని విత్తారు. రెండో తరంలో నాలుగో వంతు మొక్కలకు బీటీ జన్యువు రాదు, అంటే నాన్‌ బీటీ మొక్కలు చేనంతా కలిసిపోయాయి. పెరగడం మొదలైన తట్టుకునే గుణం వెనక్కి తగ్గిందని 2017లో తేలింది. మన కాయల్లో మెండెల్ నిష్పత్తి గింజల మధ్య పనిచేసి కీడు చేసింది. అక్కడ అదే నిష్పత్తి మొక్కల మధ్య పనిచేసి మేలు చేసింది. పురుగు కాయ లోపల గింజ మారుతుంది గాని మొక్క మారదు, తేడా అంతా అందులోనే ఉంది.

పురుగు ఒకటే, విషం ఒకటే, ఫలితాలు మూడు. “అలవాటు” అన్న మాటతో వీటిలో ఒక్కదాన్నీ వివరించలేం. అరిజోనా పురుగు కూడా మన పురుగులాగే ఏటా విషం తింది.

మన చేలోనే ఉన్న ఇంకో సాక్షి శనగపచ్చ పురుగు. బీటీ పత్తి తెచ్చిందే ముఖ్యంగా దీని కోసం. 1987లో కోస్తా ఆంధ్ర పత్తి చేలల్లో సింథటిక్ పైరెత్రాయిడ్ మందుల్ని ఇది తట్టుకుని నిలిచింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ కాలంలో పత్తి రైతులు ఎంత నష్టపోయారో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తు. అంత మొండి పురుగు బోల్‌గార్డ్-2కు మాత్రం చాలావరకు లొంగే ఉంది. ఎందుకంటే ఇది కంది తింటుంది, శనగ తింటుంది, టమాటా, మిరప తింటుంది. వాటిలో బీటీ లేదు, కాబట్టి మామూలు పురుగులు ఏటా అక్కడ పుట్టి వస్తున్నాయి. పైరెత్రాయిడ్లను మాత్రం పత్తితో పాటు మిగతా పంటల మీదా కొట్టాం, అప్పుడు దానికి తప్పించుకునే చోటు లేదు. తర్వాత కొన్ని బీటీ ప్యాకెట్లలో నాన్‌ బీటీ పత్తికి బదులు కంది గింజలు ఇచ్చారు. శనగపచ్చ పురుగుకు అది సరిపోతుంది. కంది ముట్టని గులాబీ రంగు పురుగుకు మాత్రం అది పనికిరాదు.

“పురుగు పురుగుగానే ఉంది కదా”

ఒక శిక్షణ తరగతిలో ఒక యువ అధికారి ఇలా అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఈ కేసులో కొత్త జాతి పుట్టలేదు, పదిహేనేళ్లలో పుట్టదు కూడా. నేను చూపించగలిగింది యంత్రం పనిచేసే తీరు: తేడాలతో పుట్టడం, ఆ తేడాలు వంశంలో దిగడం, వాటిని బట్టి కొన్నే మిగలడం. ఈ యంత్రాన్ని చిన్న కాలంలో కళ్లతో చూశాక, కోట్ల ఏళ్లలో అది ఏం చేసిందో చెప్పడానికి శిలాజాలు, జన్యు పోలికలు, భూగర్భ పొరలు వేరే సాక్ష్యాలుగా ఉన్నాయి. ఏబీసీఏ2 లాంటి ఉమ్మడి కొక్కేలు ఆ సాక్ష్యాల్లోకి వెళ్లే తలుపు. పురుగులు మందును తట్టుకోవడం 1914లోనే మెలాండర్ అనే శాస్త్రవేత్త అమెరికా పండ్ల తోటల్లో గుర్తించి రాశాడు. నూరేళ్లకు పైగా ఇదే కథ మందు మారినప్పుడల్లా తిరిగి జరుగుతోంది.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామం పాఠం తీసేశారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దాన్ని తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖలోని ఆందోళన నాదీ. పదితో జీవశాస్త్రం వదిలేసే పిల్లల్లో ఎంతమంది రేపు పత్తి వేస్తారో నాకు తెలుసు.

ఆ చేలో

2017 పంట పోయింది, దాన్ని ఎవరం కాపాడలేకపోయాం. మరుసటి ఏడాది నుంచి ఆ పెద్దాయనా చుట్టుపక్కల రైతులూ కలిసి మూడు పనులు పట్టుకున్నారు. డిసెంబరుతో పంట ముగించి కట్టెను పీకి ముక్కలు చేయడం మొదటిది. జనవరి నుంచి జూన్ దాకా ఊళ్లో పత్తి లేకపోతే, నిద్రలేచిన రెక్కల పురుగుకు గుడ్డు పెట్టే మొగ్గ దొరకదు. లింగాకర్షక బుట్టలు రెండోది. బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితేనే మందు సంగతి ఆలోచించడం, లేకపోతే ముట్టకపోవడం. మూడోది జిన్నింగు మిల్లు. పత్తి గింజల్లో నిద్రపోతున్న పురుగు మిల్లుకు చేరి, అక్కడ లేచి చేలకు ఎగురుతుంది. అందుకని మిల్లు చుట్టూ బుట్టలు పెట్టించాం. పురుగు పోలేదు గాని అదుపులోకి వచ్చింది.

ఇవన్నీ మాట్లాడుకుంటున్నప్పుడు పెద్దాయన అడిగాడు. “మరి ఇప్పుడు నాన్‌ బీటీ పెడితే మళ్ల చచ్చే పురుగు వస్తదా?”

నేను చైనా సంగతి చెప్పాను. అక్కడ తట్టుకునే పురుగులు ఇంకా కొద్దిగా ఉన్నప్పుడే మామూలు పురుగులు వచ్చి కలిశాయనీ, మన దగ్గర విరిగిన జన్యువే ఎక్కువైంది కాబట్టి కలపడానికి మామూలు పురుగే కరువనీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “గింజలు పారబోసినప్పుడే పోయిందన్నమాట” అన్నాడు. అవునన్నాను. ఆ రోజు అలవాటు పడ్డదని నేను చెప్పింది తప్పని కూడా ఒప్పుకున్నాను.

ఆ చేలో బుట్టలు లెక్కపెట్టి పుస్తకంలో రాసేది ఆయన మనవరాలు. బుట్టలో పడేవన్నీ మగవే, ఆడ పురుగు వాసనకు వచ్చినవి. మొన్న ఆ పిల్ల లెక్క రాసి, “వీటిల్ల తట్టుకునేవి ఎన్ని మేడం?” అని అడిగింది. బుట్ట ఆ సంగతి చెప్పదు, కాయలు కోసి చూడాలన్నాను. లోపలికి పోయి కత్తి తెచ్చింది.